పాత హాలో బాడీ గిటార్ కొనేముందు ఏం చూడాలి?

[తెర మీద: గిటార్ పైభాగం, ఎఫ్ ఆకారపు రంధ్రాలు దగ్గరగా]

నమస్కారం. సెకండ్ హ్యాండ్ హాలో బాడీ, అంటే లోపల బోలుగా ఉండే, ఎలక్ట్రిక్ గిటార్ చేతికి రాగానే చాలామంది యాంప్‌కి కలిపేస్తారు. దయచేసి ఆ కేబుల్ కాసేపు పక్కన పెట్టండి. ముందు చెక్కని చూద్దాం.

లోపల అంతా ఖాళీయేనా? గిబ్సన్ కంపెనీ మోడల్ ఈఎస్-175, 1949లో వచ్చింది, అది పూర్తి హాలో. 1958లో వచ్చిన ఈఎస్-335కి మధ్యలో పొడవునా చెక్క దిమ్మ ఉంటుంది, కాబట్టి అది సెమీ హాలో. ఎపిఫోన్ కంపెనీ క్యాసినో చూడ్డానికి 335లాగే ఉన్నా లోపల దిమ్మ లేదు. అందుకే రూపం చూసి నమ్మకుండా, రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి.

టార్చ్ చేతిలో ఉండగానే పైచెక్కకి అడుగున అంటించిన బ్రేసులు, అంటే ఆసరా చెక్క పట్టీలు, కూడా చూడండి. జిగురు ఊడిందేమో తెలియాలంటే పైచెక్క మీద వేలి కణుపుతో మెల్లగా తట్టండి. గరగర శబ్దం వస్తే అనుమానించాల్సిందే.

[తెర మీద: పక్కనుంచి బ్రిడ్జ్, నెక్]

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బ్రిడ్జ్‌కి, అంటే పైచెక్క మీద తీగలు ఆనే ముక్కకి, రెండు వైపులా ఎత్తు సరిచేసే చిన్న చక్రాలుంటాయి. వాటిని పూర్తిగా కిందికి దించేసినా తీగలు ఫ్రెట్లకి (నెక్ మీది లోహపు పట్టీలకి) బాగా ఎత్తులోనే ఉన్నాయా? నెక్ కోణం మారిపోయి ఉండొచ్చు. ట్రస్ రాడ్, అంటే నెక్ లోపలి లోహపు కడ్డీ, తిప్పితే నెక్ వంపు సరవుతుందేమో కానీ కోణం సరవదు. నెక్ ఊడదీసి మళ్లీ అమర్చాలి, అది ఖరీదైన పని. దీనికి విరుద్ధంగా, బ్రిడ్జ్ బాగా పైకి లేపి ఉంటే పైచెక్క కుంగిందేమో గమనించండి. ఈ రెండిట్లో ఏది కనిపించినా, రిపేర్ ఖర్చు తెలుసుకోకుండా బేరం మొదలుపెట్టొద్దు.

పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి తేడాగా ఉంటే మాత్రం కంగారు అక్కర్లేదు. చాలా హాలో బాడీల్లో బ్రిడ్జ్‌ని బిగించరు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. ఎవరో తీగలన్నీ ఒకేసారి తీసినప్పుడు జరిగిపోయి ఉంటుంది, సరైన చోటికి జరిపితే చాలు.

హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు బిగించే తల) వెనక, నట్ (తీగలు నెక్ మీదికి దిగే చోట ఉండే చిన్న పట్టీ) దగ్గర, సన్నని పగులు గీత కోసం వెతకండి. బాగా అతికించిన నెక్ చక్కగానే పనిచేస్తుంది, కానీ ధర తగ్గాలి. పాత గ్రెచ్ కంపెనీ గిటార్ అయితే బైండింగ్, అంటే అంచు చుట్టూ అంటించిన పట్టీ, పొడి పొడిగా రాలుతోందేమో చూసుకోండి.

ఇప్పుడు యాంప్ పెట్టండి. నాబ్ తిప్పితే బరబరమంటే తరచుగా క్లీనర్ స్ప్రే సరిపోతుంది. వైరింగే పోతే అంత తేలిక కాదు, చాలా మోడళ్లలో సరంజామా అంతా ఎఫ్ రంధ్రం గుండానే బయటికి లాగాలి, మజూరీ ఎక్కువ. సౌండ్ పెంచగానే ఊళపెడితే అది లోపం కాదు, ఖాళీ పెట్టె స్వభావం. మీరు పెద్ద వాల్యూమ్‌లో వాయించేవాళ్లయితే మధ్యలో దిమ్మ ఉన్నదే వెతుక్కోండి.