ప్రారంభోత్సవం తర్వాతి లెక్క

శ్రోతలకు నమస్కారం.

2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య తొలి మెట్రో రైలు నడిచింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు మార్గం తెరుచుకోవడంతో, హైదరాబాద్ మెట్రో సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించింది. రోజుకు దాదాపు 15 లక్షల మంది ఎక్కుతారన్నది తొలినాటి అంచనా. 2023 జూలైలో ఒక రోజు ప్రయాణికులు 5 లక్షలు దాటితే అది రికార్డుగా వార్తలకెక్కింది.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో, ఆ తర్వాత కూడా ఎందుకు కొనసాగిందో తేల్చడం అనుకున్నంత సులభం కాదు. కరోనా కారణంగా 2020లో కొన్ని నెలలు రైళ్లే ఆగిపోయాయి, ఆ తర్వాత చాలామంది ఉద్యోగులు ఇంటి నుంచే పనిచేశారు, 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. వీటిలో దేని ప్రభావం ఎంతో విడదీయకుండా మెట్రో గెలిచిందనీ, ఓడిందనీ తీర్పు చెప్పడం న్యాయం కాదు.

విడదీయాలంటే పాత లెక్కలు చేతిలో ఉండాలి. స్తంభాలు లేవకముందు మియాపూర్‌లో ఉదయం ఎనిమిదిన్నరకు బస్సెక్కిన మనిషి అమీర్‌పేటలో ఎన్నింటికి దిగేవాడు, చార్జీ ఎంత పెట్టేవాడు, షేర్ ఆటోకు ఎంతసేపు నిలబడేవాడు అన్నది ఆ రోజుల్లోనే రాసి ఉంచాలి. రైలు నడవడం మొదలయ్యాక ఆ వివరాలను ఎంత ఖర్చు పెట్టినా తిరిగి సేకరించలేము. ఈ పనికి అయ్యే ఖర్చు నిర్మాణ వ్యయంలో లెక్కలోకి రానంత స్వల్పం; అయినా దాన్నే అందరూ మరచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రారంభం తర్వాత లెక్క సరిచూడటాన్ని ఫ్రాన్స్ 1982లోనే చట్టంలో పెట్టింది. ప్రభుత్వ సాయంతో కట్టిన పెద్ద రవాణా ప్రాజెక్టు వాడుకలోకి వచ్చిన మూడు నుంచి ఐదేళ్ల లోపు, చెప్పిందేమిటో జరిగిందేమిటో సరిచూసి, ఆ నివేదికను ప్రజల ముందుంచాలి. నా దృష్టిలో, ప్రయాణికుల సంఖ్యతోనే అలాంటి పరిశీలన ముగియకూడదు. స్టేషన్ మెట్లు దిగిన వృద్ధురాలు ఫుట్‌పాత్ లేని రోడ్డు దాటి ఇల్లు చేరగలుగుతోందా, ఆ చార్జీ రోజుకూలీకి అందుతోందా అన్నవి కూడా అందులో ఉండాలి.

తొలి దశలో మిగిలిపోయిన ఫలక్‌నుమా మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ మార్గంలోని దారుల్‌షిఫా, శాలిబండ రోడ్లపై నేటి ప్రయాణ సమయాలను, బస్సుల్లోని జనాన్ని, దుకాణాల వ్యాపారాన్ని రైలు రాకముందే నమోదు చేసి, ఎవరైనా చూడగలిగేలా భద్రపరచాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.