చేతికి ముందు చూపు: జైలోఫోన్, మరింబా గ్రేడు పరీక్షకు సిద్ధమయ్యేవారితో

శ్రోతలందరికీ నమస్కారం. జైలోఫోన్, మరింబా, వైబ్రాఫోన్, గ్లాకెన్‌స్పీల్ వంటి, వరుసగా పేర్చిన పలకలను మాలెట్లనే కర్రలతో కొట్టి వాయించే వాద్యాలపై గ్రేడు పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థులతోనూ, వారికి పక్కన కూర్చుని సాధన చేయించే పెద్దలతోనూ ఈరోజు కొంతసేపు మాట్లాడాలనుకుంటున్నాను. చెప్పదగిన సంగతులు ఎన్నో ఉన్నా, మనకున్న వ్యవధి తక్కువ కనుక, చాలామంది పరీక్ష దగ్గరపడేదాకా పట్టించుకోని ఒక్క విషయాన్నే ఎంచుకున్నాను. అది చూపు.

పియానో వాయించేవారి వేళ్లు మెట్లమీద ఆనుకుని ఉంటాయి. నల్లమెట్టు అంచును తడిమి, తామెక్కడ ఉన్నదీ వేళ్లే తెలుసుకుంటాయి. వయొలిన్ వాయించేవారికి తంత్రి ఎప్పుడూ వేలికింద ఉంటుంది. మనకు ఆ స్పర్శ లేదు. చేతికీ పలకకూ మధ్య మాలెట్ కర్ర ఉంది, ఆ మాలెట్ పలకను తాకి ఉండేది రెప్పపాటులో చిన్న భాగం మాత్రమే. పైగా మరింబాలో మంద్రస్థాయి పలకలు వెడల్పుగానూ తారస్థాయి పలకలు సన్నగానూ ఉంటాయి కనుక, ఒకే స్వరాంతరానికి చేయి జరగవలసిన దూరం కింది స్థాయిలో ఒకలా, పై స్థాయిలో మరొకలా ఉంటుంది. అందుచేత మన చేతులకు దారి చూపవలసింది కళ్లే. ఆ కళ్లనే స్వరలిపి కూడా కోరుతుంది. మన పరీక్షలోని అసలు కష్టం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

సాధన చేసి కంఠస్థం చేసిన రచనల్లో ఈ కష్టం బయటపడదు. సైట్ రీడింగ్‌లో, అంటే ముందెప్పుడూ చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చదివి వాయించడంలో, దాచుకోవడానికి వీలుండదు. సంగీత పరీక్షలు నిర్వహించే బ్రిటిష్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం వారి ప్రాక్టికల్ గ్రేడు పరీక్షలో మొత్తం 150 మార్కులుంటే, మూడు రచనలకు 90, స్కేళ్లకు (స్వరాలను వరుసగా ఎక్కి దిగే అభ్యాసాలకు) 21, సైట్ రీడింగ్‌కు 21, వినికిడి పరీక్షకు 18 కేటాయించారు. స్కేళ్లతో సమానమైన విలువ సైట్ రీడింగ్‌కు ఉంది. సాధనలో మాత్రం స్కేళ్లకు దక్కే సమయంలో చిన్న వంతు కూడా దానికి దక్కడం లేదు.

చూసి వాయించే ముందు అభ్యర్థికి ఇచ్చే వ్యవధి అర నిమిషం. ఆ అర నిమిషాన్ని ఎలా వాడుకోవాలో చెప్పడానికి నాకెంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. ఎదురుగా ఎఫ్ మేజర్‌లో ఎనిమిది బార్ల (తాళ విభాగాల) చిన్న స్వరఖండం ఉందనుకుందాం. ఎఫ్‌తో మొదలై, ఎ మీదుగా సి దాకా ఎక్కి, బి ఫ్లాట్ (బి కన్నా అర మెట్టు కింది స్వరం), ఎ, జి మెట్లు దిగి మళ్లీ ఎఫ్‌కు చేరుతుంది. అయిదో బార్‌లో అదే ఎఫ్ నుంచి ఒక్క ఊపున పైనున్న డికి దూకుతుంది. ఇప్పుడు పలకల వైపు చూడండి. పై వరుసలో పలకలు, పియానో నల్లమెట్లలాగే, రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. ఎఫ్ మూడు పలకల గుంపుకు ఎడమ అంచున కింది వరుసలో ఉంది. బి ఫ్లాట్ అదే గుంపులో కుడివైపు చివరి పలక. అంటే ఈ స్కేల్‌కు ఆధారస్వరం ఒక అంచున, దానిలోని ఒకే ఒక్క ఫ్లాట్ మరో అంచున నిలబడి ఉన్నాయి. ఆ గుంపును ఒక్కసారి మనసులో నిలుపుకుంటే, మొదటి నాలుగు బార్లకు మళ్లీ తల వంచవలసిన పని ఉండదు. ఇక మిగిలింది ఎఫ్ నుంచి డికి ఆ గెంతు. డి ఎక్కడుంది? రెండు పలకల గుంపుకు సరిగ్గా నడుమ ఉంది. ఎఫ్‌ను ఎడమచేతికి, డిని కుడిచేతికి అప్పగించి, ఆ ఒక్క చోట కళ్లు కిందికి దించాలని ముందే నిర్ణయించుకోవాలి. ఎప్పుడు చూడాలో ముందే తెలిసినవారికి, తక్కిన సమయమంతా కాగితంమీదే చూపు నిలుస్తుంది. ఎప్పుడు చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. ఈ మాటను కావాలనే రెండోసారి చెబుతున్నాను.

బి ఫ్లాట్‌ను ఎక్కడ కొట్టాలన్నది కూడా ఇందులో భాగమే. వేగంగా వెళ్లేటప్పుడు పలక నడిమికి చేరే తీరిక లేకపోతే, మనవైపున్న కొసన కొట్టవచ్చు. పలకలను పట్టి ఉంచే తాడు దూరిన చోట మాత్రం కొట్టకూడదు. పలక పొడవులో ఒక్కో కొస నుంచి ఇంచుమించు 22 శాతం దూరాన కంపనం దాదాపు ఉండదు. అందుకే తాడును అక్కడ దూర్చారు, అందుకే అక్కడ నాదం చచ్చిపోయినట్టు వినిపిస్తుంది.

ఇంతకీ ఈ చూపు కుదరాలంటే స్వరలిపి స్టాండు సరైన చోట ఉండాలి. చాలామంది విద్యార్థులు దాన్ని ముఖానికి ఎదురుగా, ఎత్తుగా నిలబెట్టుకుంటారు. అప్పుడు కాగితం నుంచి పలకకు చేరాలంటే తల మొత్తం కదలాలి, తల కదిలిన ప్రతిసారీ చదువుతున్న చోటు తప్పిపోతుంది. స్టాండును బాగా దించి, పై వరుస పలకలకు ఆనినంత దగ్గరగా జరపండి. కాగితం చదువుతుండగానే పలకల గుంపులు కనుకొలకుల్లో కనిపించాలి. రోజూ వాయించే స్కేళ్లను కూడా అలాగే, స్టాండుమీది ఒక స్వరంపై చూపు నిలిపి, నెమ్మదిగా వాయించండి. మొదట్లో మాలెట్ పక్క పలకమీద పడుతుంది. ఆగకుండా తాళాన్ని నిలుపుకుని ముందుకు సాగడమే అక్కడ నేర్చుకోవలసిన విద్య.

పరీక్ష గదిలోని వాద్యం మీరు సాధన చేసిన వాద్యం కాకపోవచ్చు, దాని పలకల వెడల్పు వేరుగా ఉండవచ్చు. కాబట్టి లోపలికి వెళ్లగానే ముందుగా స్టాండు ఎత్తు సరిచేసుకోండి. ఆ తరువాత పరీక్షకుల అనుమతి తీసుకుని ఒక స్కేల్‌ను ఆరోహణలో, అవరోహణలో మెల్లగా వాయించి చూసుకోండి. ఆ కొద్దిసేపట్లో, ఈ కొత్త పలకల మధ్య దూరం ఎంతో మీ చేతులు గ్రహిస్తాయి.