ప్రెస్‌కి పంపే ముందు స్వాచెస్ ప్యానెల్ సర్దండి

[స్క్రీన్: పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో బోనాల కరపత్రం. పసుపు నేల, కుంకుమ రంగు శీర్షిక, కింద నల్లటి చిన్న అక్షరాల్లో కార్యక్రమ వివరాలు.]

నమస్కారం. ఈ కరపత్రంలో కంటికి కనిపించేవి మూడే రంగులు. ఫైల్‌లో ఏయే ఇంకులున్నాయో విడివిడిగా చూపేది సెపరేషన్స్ ప్రివ్యూ. విండో మెనూలో అవుట్‌పుట్ కింద దాన్ని తెరిచి ఆన్ చేస్తున్నాను, చూడండి.

[స్క్రీన్: సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్. వాటి కింద మరో మూడు పేర్లు.]

మొత్తం 7. ప్రెస్‌లో ఒక్కో ఇంకుకి ఒక్కో అచ్చు పలక, అంటే ప్లేటు కావాలి. ఫైల్ ఇలాగే వెళ్తే 7 ప్లేట్లు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డు వేయించినా, పెద్ద ప్రెస్‌లో పుస్తకం వేయించినా ఆఫ్‌సెట్‌లో ప్లేటు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఈ పనికి నాలుగుకు మించి అక్కర్లేదు. మరి ఆ మూడూ ఎక్కడివి? స్వాచెస్ ప్యానెల్‌లో వెతుకుదాం. స్వాచ్ అంటే ఫైల్‌లో పేరుపెట్టి దాచుకున్న రంగు. ఎఫ్5 నొక్కితే తెరుచుకుంటుంది.

మొదటిది 'కుంకుమ'. రంగు తయారుచేసేటప్పుడు కలర్ టైప్ దగ్గర ప్రాసెస్‌కి బదులు స్పాట్ ఎంచుకున్నారు. స్పాట్ అంటే విడిగా కలిపిన ఇంకు, దానికో ప్లేటు. ప్రాసెస్ అంటే సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్ (సీఎంవైకే) నాలుగిటితోనే వచ్చే రంగు. డబుల్ క్లిక్ చేసి ప్రాసెస్, సీఎంవైకే పెట్టండి. మెజెంటా 100, యెల్లో 100 కలిస్తే ఎరుపు వచ్చేస్తుంది.

మిగతా రెండూ పాంటోన్ కంపెనీ నంబర్లతో గుర్తించే ఇంకులు: పాంటోన్ 485 సీ, పాంటోన్ 485 సీవీసీ. ఒకటి స్పాన్సర్ లోగోతో వచ్చింది, రెండోది కమిటీ పాత లోగోతో. సీవీసీ అనేది పాత సాఫ్ట్‌వేర్లలో వాడిన పేరు. ఎరుపు అదే, కానీ పేరు వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండు ఇంకులుగా లెక్కేస్తుంది. ఇక్కడ డిలీట్ చేద్దామంటే కుదరదు, ఎందుకంటే ఆ రంగు ఉన్నది లింక్ చేసిన లోగో ఫైల్‌లో. ప్యానెల్ మెనూలో ఇంక్ మేనేజర్ తెరిచి 'ఆల్ స్పాట్స్ టు ప్రాసెస్' టిక్ చేయండి. నాలుగు ప్లేట్లకు దిగింది.

పెళ్లికార్డు ఫైల్‌లో మాత్రం ఈ టిక్ కళ్లుమూసుకుని పెట్టకండి. బంగారు ఇంకు కోసం పెట్టిన స్పాట్ కూడా ప్రాసెస్ అయిపోతుంది, మెరవాల్సిన చోట ముదురు పసుపు అచ్చవుతుంది. అక్కడ ఒకే ఇంకుకి రెండు పేర్లుంటే, ఇంక్ మేనేజర్‌లోనే ఇంక్ ఏలియాస్‌తో ఒక పేరును రెండోదానికి కలిపేయండి.

[స్క్రీన్: కార్యక్రమ వివరాలు జూమ్. సయాన్ ప్లేట్ ఒక్కటే ఆన్. అక్షరాలు అందులోనూ కనిపిస్తున్నాయి.]

ఇప్పుడు అసలు ప్రమాదం. నల్ల అక్షరాలు సయాన్ ప్లేటులో ఎందుకున్నాయి? మ్యాటర్ వర్డ్ ఫైల్ నుంచి వచ్చింది. దానితోపాటు 'వర్డ్ ఆర్0 జీ0 బీ0' అనే స్వాచ్ కూడా దిగింది. అది ఆర్‌జీబీ నలుపు, అంటే స్క్రీన్ కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో చెప్పిన నలుపు; సీఎంవైకేకి మారితే నాలుగు ఇంకుల మిశ్రమం అవుతుంది. మెషీన్ మీద కాగితం వెంట్రుకవాసి జరిగినా మన వత్తులు, గుడిదీర్ఘాలు, సున్నాల చుట్టూ రంగు నీడ పడుతుంది. చిన్న సైజులో 'క్ష్మి' చదవలేరు. తెలుగు పేజీ చేసేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే అంటాను.

ఆ స్వాచ్‌ని డిలీట్ చేయండి. బదులు ఏ రంగు అని అడుగుతుంది, బ్లాక్ ఎంచుకోండి. ఇది ఒక్క ఇంకే. పైగా 100 శాతం బ్లాక్‌ని ఇన్‌డిజైన్ మామూలుగా ఓవర్‌ప్రింట్ చేస్తుంది, అంటే పసుపు నేలలో అక్షరం ఆకారంలో ఖాళీ వదలదు, దాని మీదే అచ్చేస్తుంది. తెల్ల సందులు కనిపించవు.

రిజిస్ట్రేషన్ అనే స్వాచ్ జోలికి అసలు వెళ్లకండి. స్క్రీన్ మీద నలుపులాగే ఉంటుంది, కానీ ప్రతి ప్లేటులోనూ 100 శాతం పడుతుంది. నాలుగు రంగుల పనిలో అంటే 400 శాతం ఇంకు. అది కటింగ్ గుర్తుల కోసం ఉన్నది.

ఇక ఊడ్చేద్దాం. కలర్ ప్యానెల్‌లో అప్పటికప్పుడు కలిపిన రంగులకు స్వాచ్ ఉండదు, కాబట్టి మెనూలో ముందు 'యాడ్ అన్‌నేమ్డ్ కలర్స్'. దగ్గరదగ్గరగా ఉన్న రంగుల్ని ఎంచుకుని 'మర్జ్ స్వాచెస్' కొట్టండి. మొదట క్లిక్ చేసిందే మిగులుతుంది. తర్వాత 'సెలెక్ట్ ఆల్ అన్‌యూజ్డ్', చెత్తబుట్ట.

పేర్ల విషయంలో నా మాట వినండి. 'ఎరుపు 2' కాకుండా 'శీర్షిక', 'అంచు' అని పని చెప్పే పేర్లు పెట్టండి. కమిటీవాళ్లు సాయంత్రం వచ్చి "అన్నా, శీర్షిక కొంచెం మెరూన్ చేయి" అంటే టెన్షన్ ఉండదు. స్వాచ్ ఒక్కటి మారిస్తే ఆ రంగు వాడిన ప్రతిచోటా మారుతుంది, దాని టింట్‌లతో, అంటే అదే రంగు లేత ఛాయలతో సహా.

[స్క్రీన్: ప్యానెల్ మెనూ, సేవ్ స్వాచెస్.]

సర్దిన రంగుల్ని ఎంచుకుని 'సేవ్ స్వాచెస్' చేస్తే ఏఎస్ఈ అనే రంగుల ఫైల్ తయారవుతుంది. ఇలస్ట్రేటర్, ఫొటోషాప్ కూడా దాన్ని తీసుకుంటాయి. గ్రేడియెంట్లు, అంటే ఒక రంగు నుంచి మరో రంగుకి మెల్లగా మారేవి మాత్రం అందులో రావు, మళ్లీ చేసుకోవాలి. డాక్యుమెంట్ ఏదీ తెరవకుండా ఆ ఫైల్‌ని 'లోడ్ స్వాచెస్' చేస్తే, ఆ తర్వాత మొదలుపెట్టే ప్రతి కొత్త పనిలో అవే రంగులు సిద్ధంగా ఉంటాయి.