తొలి నవలకు పురస్కారం: వీలునామా నుంచి వేదిక దాకా

[తెరపై: వీలునామా చివరి పేజీ. రాసినవారి సంతకం, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు.]

1983లో ఇంగ్లండులో బెట్టీ ట్రాస్క్ అనే నవలా రచయిత్రి చనిపోయారు. ముప్ఫైకి పైగా ప్రేమ నవలలు రాసిన మనిషి. పోతూ పోతూ అక్కడి రచయితల సంఘానికి దాదాపు 4 లక్షల పౌండ్లు రాసిపెట్టారు. ఆ డబ్బుతో 35 ఏళ్ల లోపువాళ్ల తొలి నవలలకు బహుమతులు ఇవ్వాలన్నారు. ఆ నవల ప్రేమకథో, సంప్రదాయ పద్ధతిలో రాసిందో అయి ఉండాలి, ప్రయోగం కాకూడదన్నారు. 1984 నుంచి ఆమె పేరు మీద బహుమతులు ఇస్తున్నారు.

ఆ షరతును ఒక్కసారి వరంగల్‌కు తెచ్చి చూడండి. పాలకుర్తి దగ్గరి వావిలాలలో పుట్టిన నవీన్ గారి తొలి నవల ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. అప్పటికి ఆయనకు 30 నిండలేదు, వయసు షరతుతో ఇబ్బంది లేదు. కానీ అది చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే పాత్ర మనసులో మెదిలే ఆలోచనలను వచ్చినవి వచ్చినట్టే రాసే పద్ధతిలో నడిచిన నవల. ప్రయోగమన్నమాట. ట్రాస్క్ షరతు ఇక్కడ ఉండి ఉంటే ఆ పుస్తకం పరిశీలనకే వచ్చేది కాదు. తర్వాత ఆ నవల పేరే రచయితకు ఇంటిపేరైంది. ఆయనకు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది 2004లో, ‘కాలరేఖలు’ నవలకు. తొలి నవల వచ్చిన 35 ఏళ్లకు! మొదటి పుస్తకానికి విడిగా ఒక పురస్కారం ఎందుకుండాలో ఈ లెక్క చాలు. షరతు రాసే చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉండాలో కూడా ఇందులోనే ఉంది.

[తెరపై: “1. వీలునామా, కాపీరైటు”]

మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో ఒక నవలా రచయిత తన పేరు మీద ఇలాంటి పురస్కారం పెట్టాలనుకుంటే మొదలుపెట్టాల్సింది వీలునామా దగ్గర. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. అయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. రేపు వారసుల మధ్య మాట వస్తే అదే అక్కరకొస్తుంది. పురస్కారం సొమ్మును చూసుకునే ట్రస్టీ కాబోయే మనిషిని సాక్షిగా పెట్టకండి.

ఇల్లు, ప్లాటు, డిపాజిట్లు అన్నీ రాస్తారు, పుస్తకాల హక్కుల ఊసే ఉండదు. చాలాచోట్ల జరిగేది ఇదే. ఒక్కో పుస్తకం పేరు రాసి, దాని కాపీరైటు ఎవరికి చెందాలో విడిగా రాయండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. తెలంగాణ నవలా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1961లో పోయారు. కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన నవలల మీద హక్కు 2021 డిసెంబర్ 31తో తీరిపోయింది, ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు. రాయల్టీ ఒక్కదాన్నే నమ్ముకుని పురస్కారం పెట్టొద్దని అందుకే అంటున్నాం.

పాత పబ్లిషర్‌తో ఉన్న ఒప్పందాలు కూడా బయటికి తీయండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం అంటుంది.

[తెరపై: “2. పైసలు”]

5 లక్షల లోపు అయితే సొంత ట్రస్టు జోలికి పోవద్దని మా సలహా. ఆడిట్‌కు, రిటర్నులకే సగం ఓపిక అయిపోతుంది. ఇప్పటికే నడుస్తున్న ఒక సాహిత్య సంస్థకు ధర్మనిధిగా (అసలు ముట్టకుండా వడ్డీతో నడిపే నిధిగా) ఇచ్చి, షరతులు రాతలో పెట్టుకోండి.

అంతకు మించి ఉంటే ట్రస్టు. 10 లక్షలు డిపాజిట్ చేశారు, వడ్డీ 7 శాతం అనుకుందాం. ఏడాదికి 70,000 వస్తుంది. పురస్కారానికి 35,000. ముగ్గురు న్యాయనిర్ణేతలకు 5,000 చొప్పున 15,000. సభకు, జ్ఞాపికకు, పోస్టేజీకి 12,000. మిగిలిన 8,000 మళ్లీ అసలులో కలపాలి. ఆ ఆఖరి పద్దును వదిలేసి 70,000 మొత్తం పంచేస్తే, పదేళ్ల తర్వాత అదే 35,000తో పుస్తకం అచ్చు ఖర్చు కూడా పూడదు. ఇంకో లెక్క: పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థ సాధారణంగా ఏడాది ఆదాయంలో 85 శాతం తన పనికే ఖర్చు పెట్టాలి. పై లెక్కలో 62,000 ఖర్చయింది, 59,500 దాటింది, సరిపోయింది.

ట్రస్టు సొమ్మును చిట్టీల్లో వేయడం, తెలిసినవాళ్లకు రెండు రూపాయల వడ్డీకి ఇవ్వడం మన దగ్గర తేలిగ్గా జరిగిపోతుంది. చేయకండి. చట్టం చెప్పిన బ్యాంకు, పోస్టాఫీసు లాంటి చోట్లే ఉంచాలి, లేకపోతే పన్ను మినహాయింపు పోతుంది.

[తెరపై: ట్రస్టు డీడ్, పక్కన విడిగా ఒక తెల్లకాగితం. కెమెరా కాగితం మీదికి.]

ఇక్కడ కాస్త ఆగండి. ట్రస్టు డీడ్, అంటే ట్రస్టును ఏర్పాటు చేసే పత్రం, ఒకసారి రిజిస్టరయ్యాక అందులోని ఉద్దేశాలను మార్చడం చాలా కష్టం, కోర్టు దాకా పోవాల్సి రావచ్చు. కాబట్టి డీడ్‌లో “తెలుగులో తొలి నవలలను ప్రోత్సహించడం” అనే మాటే ఉంచండి. వయసు, పేజీలు, తేదీలు, నగదు, ఇవన్నీ ఈ తెల్లకాగితం మీద నియమావళిగా రాసి, ట్రస్టీలు తీర్మానంతో మార్చుకునే వీలుంచండి. ట్రస్టీలు ముగ్గురో అయిదుగురో ఉండాలి. ఒకరు పోతే ఆ స్థానంలోకి ఎవరు ఎలా వస్తారో, ట్రస్టు మూతపడితే సొమ్ము ఏ తరహా సంస్థకు పోవాలో మాత్రం డీడ్‌లోనే ఉండాలి.

[తెరపై: “3. ‘తొలి నవల’ అంటే?”]

తగాదాలన్నీ ఈ రెండు మాటల దగ్గరే. వారపత్రికలో సీరియల్‌గా వచ్చి పుస్తకం కానిది తొలి నవలేనా? ముందే రెండు కథా సంపుటాలు వేసినవారు అర్హులా? ఫోన్ యాప్‌లో భాగాలుగా పెట్టింది? కలం పేరుతో ఇరవై ఏళ్ల కింద వచ్చింది? మా ఉద్దేశంలో కథలు, కవిత్వం ఎన్ని వేసినా ఫర్వాలేదు. సీరియల్, యాప్ ఏదైనా ముందు పూర్తిగా వచ్చిన నవలే తొలి నవల. కలం పేరుదీ లెక్కే. మీరు వేరేలా అనుకోవచ్చు, కానీ ప్రకటనలోనే రాయండి. సందేహం వచ్చాక రాస్తే ఎవరో ఒకరి కోసం రాసినట్టుంటుంది.

వయసు పరిమితి వద్దు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 2011 నుంచి ఉంది, 35 ఏళ్ల లోపువాళ్లకు 50,000 రూపాయలు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయ్యాక మొదటి నవల రాసే టీచరమ్మకు అందులో చోటు లేదు. ఆ చోటు మీరివ్వండి.

కనీసం 30,000 పదాలు అనండి. పేజీలు చెబితే అక్షరాల సైజు పెంచి పంపుతారు. పీడీఎఫ్ మాత్రమే అడగండి: అను అనే తెలుగు ఫాంట్లలో డీటీపీ చేసిన ఫైలు, ఆ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయి. ఐదేసి కాపీలు పోస్టులో పంపమనడం ఆసిఫాబాద్‌లోనో సిర్పూర్‌లోనో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న మనిషికి భారం. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలనే షరతు కూడా అక్కర్లేదు.

[తెరపై: “4. చదివేవాళ్లు”]

40 నవలలు వచ్చాయనుకోండి. ఒక్కోటి 180 పేజీలు. మొత్తం 7,200. రోజుకు 50 పేజీలు చదివినా 144 రోజులు. ఈ లెక్క వేయకుండా నెల రోజుల గడువిస్తే అట్ట వెనక మాటలు చదివి తీర్పు చెబుతారు. మొదటి వడపోతకు వేరే పాఠకులను పెట్టండి, ప్రతి నవలా ఇద్దరి చేతుల్లోంచి పోవాలి. ఎనిమిదింటిని మాత్రమే న్యాయనిర్ణేతలకు ఇవ్వండి. మార్కులు అడగకండి, ఒక్కో నవల మీద అరపేజీ రాయమనండి. చదివారో లేదో ఆ అరపేజీలో తెలిసిపోతుంది.

మన పుస్తకాలకు ముందుమాటలు ఎక్కువ. ముందుమాట రాసినవారు, ఆవిష్కరణ సభలో మాట్లాడినవారు ఆ పుస్తకం మీద తీర్పు చెప్పకూడదు. రచయిత వారసులు కూడా ప్యానెల్‌లో ఉండొద్దు. ఏ నవలా నిలవని ఏడాది పురస్కారం ఆపే హక్కు నియమావళిలో ఉండాలి.

[తెరపై: వేదిక, పక్కన పుస్తకాల బల్ల.]

సభలో పదిమంది వక్తలు మాట్లాడి, గెలిచినవారికి ఐదు నిమిషాలు మిగలడం మనందరం చూసిందే. శాలువాల కంటే ముందు, గెలిచిన రచయిత తన నవలలోంచి 20 నిమిషాలు చదవాలి. చెక్కు ఆ వేదిక మీదే ఇవ్వండి. పరిశీలనకు వచ్చిన పుస్తకాలను పాత పేపర్లతో కట్టేయకుండా, హన్మకొండలో 1904 నుంచి ఉన్న శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాన్ని ముందే అడిగి, ఏడాది, రచయిత పేరు, ఊరు రాసిన చీటీ ఒక్కో పుస్తకానికీ అంటించి అప్పగించండి.