సాంబారు మరక మీద స్పాట్ క్లీనర్ రివ్యూ: మెషిన్ కొనండి, సీసా వద్దు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ చిన్న స్పాట్ క్లీనర్‌ని, అంటే మరక ఉన్నచోట నీళ్ళు చిమ్మి వెనక్కి లాగేసే మెషిన్‌ని, కంపెనీ వాళ్ళు నాకు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. మోడల్ పేరు స్క్రీన్ మీద ఉంది చూడండి. ఎన్ని వాట్లు, ట్యాంకులో ఎన్ని నీళ్ళు పడతాయి, వైరు ఎంత పొడుగు, ఇవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మళ్ళీ నేను చదవను. నాకు తెలియాల్సింది ఒక్కటే. రోజూ పోపు వేసుకునే ఇంట్లో, లేత రంగు కార్పెట్ మీద సాంబారు ఒలికితే ఇది తీస్తుందా, తీయదా?

ఎందుకంటే ఇక్కడ డాలస్ చుట్టుపక్కల, ఇర్వింగ్ అనండి, ఫ్రిస్కో అనండి, అద్దె అపార్ట్‌మెంట్లలో కార్పెట్ మనం ఎంచుకున్నది కాదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వాళ్ళు వేసి ఇస్తారు. దాన్ని పీకి ఎండలో ఆరేసుకోలేం. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో ఎంత కోస్తారోనని గుబులు. టెక్సస్ చట్టం ప్రకారం ఇల్లు అప్పగించాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, మీ కొత్త అడ్రస్ మాత్రం రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి డబ్బు కోయకూడదు. పసుపు మరకని అరుగుదల కింద ఒప్పించడం మాత్రం మన వల్ల అయ్యే పని కాదు.

సరే, మెషిన్ దగ్గరికి వద్దాం. దీంట్లో నాకు విపరీతంగా నచ్చింది సక్షన్. నీళ్ళు లాగే బలం. దీని గురించి కాసేపు మాట్లాడనివ్వండి, ఎందుకంటే కార్పెట్ మరకల్లో సగం కథ ఇక్కడే ఉంది.

మరక పడగానే మనం చేసే పని ఏంటి? సబ్బు నీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దుతాం. పైన శుభ్రంగా కనిపిస్తుంది. తెల్లారేసరికి అదే చోట అదే మరక, ఇంకాస్త వెడల్పుగా. చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే, "అక్కా, పోయిన మరక మళ్ళీ ఎలా వచ్చింది?" అని. అసలు అది పోలేదండీ, కిందికి దిగింది. కార్పెట్ కింద స్పాంజి లాంటి ప్యాడ్ ఉంటుంది కదా, మరక నీళ్ళు అందులోకి ఇంకుతాయి. పైభాగం ఆరేకొద్దీ దీపం వత్తి నూనెని లాక్కున్నట్టు ఆ పోగులు కింది తడిని పైకి లాక్కుంటాయి. తడి గాల్లో కలుస్తుంది, రంగు పోగుల చివర నిలబడిపోతుంది. దానికి తోడు కడగకుండా వదిలేసిన సబ్బు జిగట మీద కొత్త దుమ్ము వచ్చి అంటుకుంటుంది. అందుకే మరక తీయడం అంటే ముఖ్యంగా పోసిన నీళ్ళన్నీ వెనక్కి లాగడం.

ఇంతకుముందు నా దగ్గర వేరే మెషిన్ ఉండేది, పేరెందుకు లెండి. నీళ్ళు చిమ్మడంలో దానికి సాటి లేదు, లాగడంలో ప్రాణం లేదు. మర్నాటికి కూడా కార్పెట్ చెమ్మగానే ఉండేది, గదంతా ముక్కిపోయిన వాసన. ఇది అలా కాదు. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ నాజిల్ చూడండి. పారదర్శకంగా ఉంది, లోపల ఏం పోతోందో కనిపిస్తుంది. ఇది ఫిల్టర్ కాఫీ మరక. పాలు ఉన్నాయి కాబట్టి వేడి నీళ్ళు వద్దు, పాలలోని ప్రొటీన్ ఉడికి పోగులకి పట్టేస్తుంది. మామూలు చల్లటి నీళ్ళు, ఒక కప్పుకి పావు టీస్పూన్ డిష్ సోప్. ఇప్పుడు నాజిల్‌ని గట్టిగా అదిమి, నా వైపుకి మెల్లగా లాగుతున్నా. మొదట నురగతో కలిసి గోధుమ రంగు వస్తోంది... ఇప్పుడు పలచబడింది... ఇదిగో, తేట నీళ్ళు. ఇంతటితో ఆపొద్దు. నీళ్ళు చిమ్మే మీట, ట్రిగ్గర్, వదిలేసి, నీళ్ళు చిమ్మకుండా ఉత్త సక్షన్‌తో మళ్ళీ మళ్ళీ లాగండి. నాజిల్‌లో చుక్క కనిపించనంత వరకూ. చేత్తో తాకితే కాస్త చెమ్మ ఉందంతే. ఇంత చిన్న మెషిన్ ఇలా లాగడం చూస్తే నాకు నిజంగా ఆనందంగా ఉంది.

ఆవకాయ నూనె కూడా అంతే. కారం రంగు నూనెలో కరిగి ఉంటుంది కాబట్టి నూనెని పట్టే డిష్ సోప్ చాలు. ముందు చెంచాతో ఆవపిండిని తీసేసి, పేపర్ టవల్‌తో అద్ది, అప్పుడు మెషిన్ పెట్టండి. అంచుల నుంచి మధ్యలోకి రండి, లేకపోతే మరక పాకుతుంది.

ఇక నాకు ఒళ్ళు మండిన విషయం. మెషిన్‌తో పాటు ఒక సీసా ఇచ్చారు, క్లీనింగ్ సొల్యూషన్. దాని మీద "అన్ని మరకలకీ" అని పెద్ద అక్షరాలు. చూడండి, ఈ తెల్ల కప్పులో నీళ్ళలో చిటికెడు పసుపు కలిపా. అందులో ఆ సీసా లోది రెండు చుక్కలు వేస్తున్నా. చూశారా, ఎర్రబడింది! దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు ఎలా చేస్తామండీ? పసుపు నీళ్ళలో సున్నం వేస్తాం. ఇదీ అదే. క్షారం తగిలితే పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు పదార్థం ఎర్రగా మారుతుంది. పసుపు అంటిన చొక్కాకి సబ్బు పెడితే ఎర్రబడుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. జిడ్డు, మట్టి వదలడానికి క్షారం బాగా పనిచేస్తుంది, నిజమే. కానీ సాంబారు మరక మీద ఇది పోస్తే లేత కార్పెట్ మీద ఎర్ర మచ్చ కనపడి మనిషి హడలిపోతాడు. ఇన్ని భారతీయ కుటుంబాలు ఉన్న ఊళ్ళో అమ్ముతూ పసుపు గురించి లేబుల్ మీద ఒక్క ముక్క రాయకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. పైగా ఆ బుల్లి సీసా అయిపోతే మళ్ళీ అదే కొనాలి, ధర చూస్తే గుండె జారుతుంది.

ఎవరికైనా ఇప్పటికే ఎర్రబడి ఉంటే కంగారు పడకండి. ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్ళు కలిపి అద్దండి, తిరిగి పసుపు రంగుకి వస్తుంది. తర్వాత ఉత్త నీళ్ళతో ఆ వెనిగర్ మొత్తం లాగేయాలి, ఎందుకంటే తర్వాత వాడేదాంతో అది కలవకూడదు. ఆ తర్వాతిది మరక రంగుని పోగొట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, మందుల షాపులో గోధుమ రంగు సీసాలో దొరికే 3 శాతంది. నైలాన్, పాలిస్టర్ కార్పెట్లకి సాధారణంగా ఫరవాలేదు. అయినా ముందు క్లోజెట్ మూల ఎవరికీ కనపడని చోట ఒక చుక్క వేసి, ఆరాక రంగు మారిందేమో చూడండి. మరక మీద తడిపి గంట వదిలి, లాగేయండి. అవసరమైతే మళ్ళీ. కాస్త పసుపు ఛాయ మిగిలితే కిటికీ బ్లైండ్లు తీసి వెలుతురు పడనివ్వండి. పసుపు రంగు వెలుగుకి నిలవదు, రోజులు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. బ్లీచ్ మాత్రం ముట్టుకోకండి. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు, అమ్మోనియాతో కలిస్తే క్లోరమీన్, రెండూ ఊపిరితిత్తులకి ప్రమాదమే. పిల్లలు పాకే ఇల్లు మనది.

ఇంకో మాట. మా అమ్మమ్మ వాళ్ళది ఏలూరు. అక్కడ చేత్తో ముడులు వేసి నేసే ఊలు తివాచీలు ఉన్నాయి కదా, పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు తెచ్చిన పని అంటారు. అలాంటిదొకటి మా హాల్లో ఉంది. దాని దగ్గరికి నేను ఈ మెషిన్‌ని గానీ, ఆ సీసాని గానీ, పెరాక్సైడ్‌ని గానీ రానివ్వను. ఊలు ప్రొటీన్, వెంట్రుక లాంటిదే. గాఢమైన క్షారం దాన్ని తినేస్తుంది, బ్లీచ్ అయితే కరిగించేస్తుంది, పెరాక్సైడ్ రంగులు లాగేస్తుంది. మరకలకి వాడే ఆక్సీ పౌడర్లు కూడా క్షారమే, వాటిని నీళ్ళలో కలిపితే పెరాక్సైడే పుడుతుంది. ఊలు తివాచీకి చల్లటి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో అద్దడమే, పెద్ద మరకైతే తెలిసినవాళ్ళ చేతికి ఇవ్వడమే.

మెషిన్‌లో నాకు చిరాకు తెప్పించే లోపం ఒకటుంది, హోస్, అంటే నీళ్ళు లాగే గొట్టం. పని అయ్యాక ఆ మడతల్లో నీళ్ళు నిలుస్తాయి. అలాగే చుట్టి పెడితే రెండోసారి తీసినప్పుడు కంపు. గిన్నెలో శుభ్రమైన నీళ్ళు పెట్టి హోస్‌తో పీల్పించి, తర్వాత గాలి మాత్రం కాసేపు లాగనిచ్చి, నిలువుగా వేలాడదీయండి. మురికి ట్యాంకు మూతి కూడా ఇరుకు, చెయ్యి పట్టదు, సీసాలు కడిగే బ్రష్ కావాలి.

అయినా నా మాట, మెషిన్ కొనండి. పిల్లలుండి, అద్దె ఇంట్లో కార్పెట్ ఉన్నవాళ్ళు మరీనూ. ఆ సక్షన్ కోసమే కొనొచ్చు. సీసా ఉన్న కాంబో ప్యాక్ మాత్రం వద్దు, ఉత్త మెషిన్ తీసుకుని డిష్ సోప్‌తో నడిపించండి. ట్యాంకులో మాత్రం సోప్ పోయకండి, నురగ ఎక్కువై మోటార్‌కి ఇబ్బంది. ట్యాంకులో ఉత్త నీళ్ళు, సోప్ నీళ్ళు విడిగా మరక మీద.

గోరింటాకు, దీపావళి కొవ్వొత్తి మైనం గురించి అడిగినవాళ్ళకి వచ్చే వీడియోలో చూపిస్తా. మరక గురించి కామెంట్ పెట్టేటప్పుడు మీ కార్పెట్ నైలానా, పాలిస్టరా, ఊలా అన్నది తప్పకుండా రాయండి. తెలియకపోతే లీజింగ్ ఆఫీసులో అడగండి. అది తెలియకుండా ఏం వాడమన్నా నేను చెప్పలేను.