ఎదురింటి గదిలో మన దీపావళి

నమస్కారం అండి. ఈ రోజు మాట్లాడుకునేది దీపావళి లైట్ల గొడవ. ఇంటి ముందు మనం వేసుకునే సీరియల్ సెట్లు, వాటి మీద ఎదురింటివాళ్ల కంప్లయింటు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. తప్పు నాదే, కాబట్టి నామోషీ కూడా నాదే.

మాది విజయవాడ సత్యనారాయణపురం. పాత వీధి. ఎదురింట్లో పోపు వేస్తే మనకి తుమ్ము వస్తుంది, అంత దగ్గర. నిరుడు దీపావళికి రెండు రోజుల ముందు వన్‌టౌన్ వెళ్లి పన్నెండు సీరియల్ సెట్లు, ఒక యాభై వాట్ల ఫ్లడ్ లైటు పట్టుకొచ్చాను. మా ఆవిడ వాకిట్లో పెద్ద ముగ్గు వేస్తుంది. అది రాత్రిపూట కూడా కనపడాలని ఆ ఫ్లడ్ లైటు డాబా పిట్టగోడకు కట్టి వీధిలోకి వంచాను. పండగ అయిపోయింది. కార్తీక మాసం వచ్చింది కదా, పౌర్ణమి దాకా ఉండనీలే అని వదిలేశాను. రాత్రి మొత్తం.

నాలుగో రోజు ఇస్త్రీ బండి అతను బట్టలు ఇస్తూ, "సార్, ఎదురింటి అమ్మగారు రాత్రిళ్లు కాస్త లైట్లు చూసుకోమన్నారు" అన్నాడు. నాకు మండింది. లైట్ల మాట కంటే ఆ మాట ఇస్త్రీ బట్టలతో కలిసి వచ్చినందుకు ఎక్కువ మండింది. మన ఇల్లు, మన పండగ, మన కరెంటు బిల్లు. చెప్పేదేదో నాకే చెప్పచ్చుగా? వెంటనే మా వీధి వాట్సాప్ గ్రూపులో "పండక్కి లైట్లు వేసుకోవాలన్నా పర్మిషన్ కావాలా?" అని టైప్ చేశాను. పంపేలోపు మా ఆవిడ ఫోన్ లాక్కుంది. మీ ఇంట్లో కూడా అలా లాక్కునేవాళ్లు ఒకరు ఉండాలండి, చాలా అవసరం.

సరే, ముఖాముఖీ తేల్చుకుందామని ఎదురింటికి వెళ్లాను. పిన్నిగారు కాఫీ ఇచ్చారు. నేను అడిగేశాను, నాకే చెప్పచ్చు కదండీ అని. ఆవిడ అన్న మాట వినండి. "కార్తీక మాసంలో దీపం ఆర్పమని నోటితో ఎలా అనమంటావు నాయనా?"

ఆలోచిస్తే నిజమే. మన ఇళ్లలో దీపం ఆరిపోయింది అని కూడా అనరు, కొండెక్కింది అంటారు. అలాంటి మాట నా మొహం మీద చెప్పలేక ఆవిడ ఇస్త్రీ అతనితో చెప్పించారు. నేను దాన్ని చాటుమాటు వ్యవహారం అనుకున్నాను.

తర్వాత మేడ మీద గది చూపించారు. వాళ్లబ్బాయి రైల్వేలో లోకో పైలట్. డ్యూటీకి పిలుపు రాత్రి పన్నెండింటికి రావచ్చు, రెండింటికి రావచ్చు. అందుకని సాయంత్రం ఏడుకో ఎనిమిదికో పడుకుంటాడు. ఆ గది కిటికీకి కర్టెన్ మీద ఇంకో దుప్పటి, మేకులు కొట్టి మరీ బిగించారు. గాలి రాదు. అయినా ఆ దుప్పటి అంచుల్లోంచి తెల్లటి చార గోడ మీద పడుతోంది. పక్కనే ఎరుపు, పచ్చ, నీలం, మళ్లీ ఎరుపు. నా సీరియల్ సెట్లు అక్కడ గంతులేస్తున్నాయి. మా వాకిట్లోంచి చూస్తే ఇదేమీ కనపడదు. ముగ్గు మాత్రం బ్రహ్మాండంగా కనపడుతుంది.

అందుకే ఎవరైనా లైట్ల గురించి కంప్లయింటు చేస్తే నేను చెప్పేది ఒకటే. సారీ తర్వాత చెప్పచ్చు, వాదన తర్వాత పెట్టుకోవచ్చు. ముందు "ఏ గదిలో పడుతోందండీ?" అని అడిగి, రాత్రిపూట ఆ గదిలోకి వెళ్లి నిలబడండి. నేను పండగని అవమానించారు అనుకుని వెళ్లాను. అక్కడ ఉన్నది నేను తప్పు కోణంలో వంచిన ఒక లైటు.

ఇందులో కొంచెం సైన్సు కూడా ఉంది. రాత్రి వెలుతురు కంట్లో పడితే నిద్రకి సాయపడే మెలటోనిన్ తగ్గుతుంది. నీలం వెలుగు ఎక్కువ ఉన్న తెల్ల లైటుకి ఇంకా తగ్గుతుంది. లైటు డబ్బా మీద వెలుతురు రంగు లెక్క ఉంటుంది, అది 6500 కె అని ఉంటే ఆ తెల్ల రకం. 2700, 3000 అని ఉంటే పసుపు రకం, దీపం రంగుకి దగ్గర. ఇక ఆరుతూ వెలిగేవైతే కళ్లు మూసుకున్నా రెప్పల మీద తెలుస్తూనే ఉంటాయి.

ఇంకోటి. పూర్వం ఈ గొడవ ఎందుకు తక్కువ? మీటరు! అప్పట్లో పదిహేను వాట్ల రంగు బల్బులు నలభై కడితే ఆరు వందల వాట్లు, పది గంటలకి ఆరు యూనిట్లు. నాన్న తొమ్మిదిన్నరకే లేచి స్విచ్ ఆపేసేవారు. ఇప్పుడు నా ఫ్లడ్ లైటు పది గంటలు వెలిగినా అయ్యేది అర యూనిట్టు. ఇక ఆపడానికి ఎవరు లేస్తారు?

సరే, ఏం చేశానో చెబుతాను. ఫ్లడ్ లైటు తీసేశాను. ముగ్గు పక్కన నాలుగు ప్రమిదలు పెడితే సరిపోయింది, మా ఆవిడ ఆ మాట మొదటి రోజే అంది. వీధి వైపు వేలాడే సెట్లని గోడకు ఆనించి, గుమ్మం లోపలికి జరిపాను. పది గంటలకి ఆగేలా ఒక టైమర్ ప్లగ్ కొన్నాను. చక్రం చుట్టూ చిన్న చిన్న పళ్లుంటాయి, ఒక్కో పన్ను పదిహేను నిమిషాలు.

ఇక్కడే ఇంకో తమాషా జరిగింది. సీరియల్ సెట్‌కి ఒక చిన్న బటన్ డబ్బా ఉంటుంది కదా, ఎనిమిది రకాలుగా ఆడిస్తుంది. నేను దాన్ని ఆడకుండా నిలకడగా వెలిగే మోడ్‌లో పెట్టాను. టైమర్ రాత్రి ఆపేసింది, మర్నాడు సాయంత్రం మళ్లీ వేసింది. వేస్తే అన్ని సెట్లూ మొదటి మోడ్‌కి వెళ్లి మళ్లీ గంతులు! చవక రకం డబ్బాలకి కరెంటు పోతే ముందు ఏ మోడ్‌లో ఉన్నదీ గుర్తుండదు. ఎదురింటివాళ్లు ఏమనుకుని ఉంటారు? చెబితే కావాలనే మళ్లీ పెట్టాడు అనేగా. పరిగెత్తుకెళ్లి చెప్పుకున్నాను. తర్వాత ఆ డబ్బా లేని సెట్లు కొన్నాను.

చట్టం సంగతి కామెంట్లలో ఎలాగూ అడుగుతారు. మైకులకి 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు అని లెక్క ఉంది. ఇంటి లైట్లకి అందులో అలాంటి గంటల లెక్క లేదు. భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్ గురించి చెబుతుంది కానీ అది పదిమందికి కలిగే ఇబ్బంది. ఒక్క కిటికీ గొడవైతే సివిల్ కోర్టే. దావా తేలేసరికి ఎన్ని దీపావళులు వెళ్తాయో మీరే లెక్కేసుకోండి.

అలాగని కంప్లయింటు చేసిన ప్రతివాళ్లూ న్యాయంగా ఉంటారని కాదు. లైటు వాళ్ల ఇంట్లో పడకపోయినా, పదింటికి ఆపేస్తున్నా, అసలు వేయొద్దు అనేవాళ్లుంటారు. అప్పుడు "ఇన్ని రోజులు, ఇన్ని గంటల దాకా ఉంటాయండీ" అని మర్యాదగా చెప్పి ఊరుకోండి. గ్రూపులో ఫొటోలు మాత్రం పెట్టద్దు. మతం మాట అసలు తేవద్దు. మా వీధిలోనే రెండిళ్ల అవతల డిసెంబరంతా క్రిస్మస్ స్టార్ వెలుగుతుంది, ఎవరికీ నిద్ర చెడదు. కాగితం లోపల చిన్న బల్బు, అంతే. కార్తీకంలో గుళ్లో ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం కూడా చిల్లుల పాత్రలోనే ఉంటుంది. అంత ఎత్తున ఉన్నా ఎవరి కంట్లోనూ పొడవదు.

ఆ ఫ్లడ్ లైటు చాలా నెలలు మా అటక మీదే ఉంది. మొన్న పిన్నిగారే వచ్చి అడిగారు, మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంది, డాబా మీద వంటవాళ్లకి వెలుతురు కావాలి, ఆ లైటు ఇస్తావా అని. దుమ్ము దులిపి ఇచ్చాను. కిందికి వంచి కట్టించండి పిన్నిగారూ, మా పడగ్గది ఇటే ఉంది అన్నాను. ఆవిడ నవ్వారు.