జేసీబీ కంపను కొట్టదు, నాటుతుంది

నమస్కారం. తిరుచానూరు దారిలోని మా కాలనీలో ఆరేళ్లుగా కంప పెరిగిన ఖాళీ స్థలంలోకి నేను నలభై మేకలను తోలించినందుకు జరిగిన గొడవను మీలో చాలామంది గత వీడియోలో చూశారు కాబట్టి దానిని మళ్లీ వివరించను. “నగరంలోకి మేకలేమిటి, జేసీబీని పిలిస్తే గంటలో పని అయిపోతుంది కదా” అని నా మీద అరిచిన పెద్దమనిషికి మాత్రం ఒక్క మాట చెప్పదలచుకున్నాను. అయ్యా, జేసీబీ కంపను కొట్టదు, నాటుతుంది. గంట లెక్కన డబ్బిచ్చి మరీ మనం నాటించుకుంటున్నాం.

ఎలాగంటారా? మన చుట్టూ ఉన్న కంపలో సింహభాగం సర్కారు తుమ్మ. కరువు నేలల్లో బతుకుతుందని 1877లో మన పొరుగునే, కడప జిల్లా కమలాపురంలో దీనిని తెచ్చి పెంచారు. తెచ్చినవారెవరో చెట్టు పేరే చెబుతోంది, వేరే విచారణ సంఘం అక్కరలేదు. ఈ చెట్టును నేల మట్టానికి విరిస్తే చావదు; మొదట్లో, మట్టికి కాస్త అడుగున ఉన్న మొగ్గల నుంచి ఒక్క కాండం ఉన్నచోట నాలుగైదు లేస్తాయి. జేసీబీ చేసేది సరిగ్గా ఆ విరవడమే. పైగా దాని పళ్లు నేలను గీరి, ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోతున్న విత్తనాలను వెలుతురులోకి తెస్తాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక సంక్రాంతి నాటికి ఆ స్థలం ఎలా ఉంటుందో తిరుపతిలో ఇల్లున్న ప్రతివారికీ తెలుసు.

ఇక మేకను చూడండి. గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది. మేక తల ఎత్తి ఆకు వెతుకుతుంది. మొదటి రోజు ఒక మచ్చల మేక వెనుక కాళ్ల మీద నిలబడి, ముందు గిట్టలను రేగు కొమ్మకు ఆనించి, పై పెదవితో ముల్లుకూ ముల్లుకూ మధ్య ఉన్న ఆకును మాత్రమే ఏరుకుని తినడాన్ని పావుగంట చూస్తూ నిలబడిపోయాను. ముప్పై కిలోల మేక రోజుకు మూడు, నాలుగు కిలోల పచ్చిమేత తింటుంది. నలభై మేకలకు లెక్క మీరే వేసుకోండి. నాలుగో రోజుకు మాకు హద్దు రాయి కనిపించింది. ఆ రాయి కోసం ఇద్దరు అన్నదమ్ములు రెండేళ్లుగా మాట్లాడుకోవడం మానేశారన్నది వేరే కథ, దానికి వేరే వీడియో.

“మరి సర్కారు తుమ్మను వ్యాపింపజేసిందే మేకలు కదా” అని చదువుకున్నవారు అడుగుతారు. నిజమే, అడగాలి. తీపిగా ఉండే ఆ కాయలను మేక ఇష్టంగా తింటుంది, గట్టి విత్తనం కడుపులో అరగకుండా పెంటికలతో బయటపడి, ఎరువుతో సహా మొలుస్తుంది. ఈ సంగతి మా మేకల కాపరికి ఏ పుస్తకమూ చెప్పలేదు. చేతిలో దోటి పట్టుకుని, మొదటి రోజే ఆయన అన్నాడు: “కాయ పండినాక నన్ను పిలవద్దు సామీ. అప్పుడు ఒక్కో మేకా ఒక్కో విత్తనాల సంచి.” ముదిరిన తుమ్మ ఆకును కూడా మేక పెద్దగా ముట్టదని ఆయనే చెప్పాడు. మేక చేసేదల్లా చుట్టూ అల్లుకున్న రేగునూ తీగలనూ గడ్డినీ తినేసి, తుమ్మ మొదలును మన కళ్ల ముందు పెట్టడం. ఆపైన గడ్డపారతో వేరు లోతుగా తవ్వి తీయవలసింది మనిషే. వయ్యారిభామ జోలికి మేక ఇష్టపడి పోదు, తలంబ్రాల మొక్క తింటే కాలేయం దెబ్బతింటుంది కాబట్టి మందను ఆకలితో కట్టేసి అన్నీ మేయించాలని ఎవరూ చూడకండి. మన సరిహద్దు అరవంలో అడ్డసరం చెట్టును ‘ఆడుతొడా’ అంటారు, అంటే మేక ముట్టనిది అని. మేక ఏది తినదో చూసి చెట్టుకు పేరు పెట్టిన మనుషుల మధ్య మనం జేసీబీ గొప్పలు చెప్పుకుంటున్నాం!

2019 మే నెలలో కాలిఫోర్నియాలో, అమెరికా మాజీ అధ్యక్షుడు రీగన్ పేరిట ఉన్న గ్రంథాలయం చుట్టూ అయిదు వందల మేకలతో పొదలు మేయించారు. అక్టోబరులో కార్చిచ్చు కొండెక్కి వచ్చినప్పుడు, ఆ మేసిన పట్టీ దగ్గర మంట నెమ్మదించి, భవనాన్ని కాపాడేందుకు అగ్నిమాపక సిబ్బందికి వెసులుబాటు దొరికింది. అమెరికాలో మేక మేస్తే ముందుచూపు, మా కాలనీలో మేస్తే పల్లెటూరితనమా? ఎరువు కోసం పొలంలో మంద కట్టించుకుని కాపరికి గింజలు కొలిచిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే కదా మనమంతా! నా అనుమానం ఒకటే: ఊళ్లో కంప పెరిగింది స్థలాల యజమానుల బద్ధకం వల్ల కాదు, మేకను ఊరి బయటికి తరిమినందువల్ల. శేషాచలం అడవిలోకి మందలను తోలమని మాత్రం నేను అనడం లేదు. అది జాతీయ పార్కు, అక్కడ ఎర్రచందనం మొలకలున్నాయి. నేనంటున్నది మన ప్లాట్ల గురించి.

ఆ పెద్దమనిషి నిరుడు వేసవిలో జేసీబీ పెట్టించిన స్థలం మా గోడ పక్కనే ఉంది. ఇప్పుడు అందులో తుమ్మ నా నడుము దాకా వచ్చింది, తెరమీద చూడండి. మొన్న ఆయన సాయంత్రం పూట గోడ మీదుగా వంగి, కాపరి మళ్లీ ఎప్పుడు వస్తాడని మెల్లగా అడిగాడు. కాపరికి చెప్పాను. కాయల కాలం దాటాక వస్తానన్నాడు, కూలి మాత్రం ఆ పెద్దమనిషికి రెట్టింపట.